‘అదుపులోకి తీసుకున్నారు’ అంటే అరెస్టు చేసినట్టేనా?

పాలకొల్లు వైపు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల మేనమామ కొడుకుని ఒక శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి పోలీసులు ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్లారు. ‘విచారించి పంపించేస్తాం’ అన్నారు. ఆదివారం పేపర్లో ‘పోలీసుల అదుపులో యువకుడు’ అని వచ్చింది. సోమవారం పొద్దున్న ‘అరెస్టు చేశాం’ అని ఫోన్ వచ్చింది. మంగళవారం పేపర్లో ‘14 రోజుల రిమాండ్ విధించిన కోర్టు’ అని పడింది. ‘ఇవన్నీ ఒకటేనా? ఒకటైతే ఇన్ని మాటలెందుకు? వేరువేరైతే శుక్రవారం నుంచి సోమవారం దాకా మా బావ ఏ మాట కింద ఉన్నట్టు? అత్తయ్యకి ఏం చెప్పాలో తెలియడం లేదు’ అని రాశారు. ‘నిర్బంధం’ అంటే ఏమిటని కూడా అడిగారు.

అమ్మా, ముందు అత్తయ్యగారికి చెప్పాల్సింది చెప్పేస్తాను. రిమాండ్ అంటే శిక్ష కాదు. కేసు ఇంకా మొదట్లోనే ఉంది, బెయిల్ అడిగే దారి ఉంది. ఆవిణ్ణి నాలుగు మెతుకులు తిని పడుకోమనండి. ఇక మీ ప్రశ్నకి వస్తే, ఆ మాటలన్నీ ఒకటి కావు. కానీ శుక్రవారం రాత్రి తొమ్మిది నుంచీ మీ బావ ఉన్నది కస్టడీలోనే. పేపరువాళ్లు ఏ మాట వేసినా, స్టేషన్ రికార్డులో అరెస్టు టైము ఏమని రాసినా, ఆయన లేచి ఇంటికొచ్చే వీలు లేకుండా పోయిన క్షణం నుంచి అది కస్టడీయే. నేను ముప్పయ్యేళ్ల పైన కోనసీమ కోర్టుల్లో పనిచేసి రిటైరయ్యాను. మొదట టైపిస్టుని, తర్వాత బెంచి క్లర్కుని. ఈ మాటల్ని రోజూ వింటూ, రాస్తూ గడిపినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

‘అదుపు’ మనం రోజూ వాడే మాట. షుగరు అదుపులో ఉందంటాం. పిల్లాణ్ణి అదుపులో పెట్టమంటాం. కాలవగట్ల మీద రోడ్లున్న మన డెల్టాలో ‘కారు అదుపు తప్పి కాలవలోకి దూసుకెళ్లింది’ అన్న వార్త ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. వీటన్నిటిలోనూ అర్థం ఒకటే: ఒకదాని కదలిక ఇంకొకరి చేతిలో ఉండటం. పోలీసు వార్తల్లోనూ అంతే. ‘అదుపులోకి తీసుకున్నారు’ అంటే ఆ మనిషి కదలిక ఇప్పుడు పోలీసుల చేతిలో ఉందని. నేరం చేశాడని ఆ మాటలో లేదు. కేసు కట్టారని కూడా లేదు.

విలేకరులు ఈ మాటని ఎందుకు పట్టుకున్నారో నాకు తెలుసు. ‘అరెస్టు’ అని రాస్తే ‘మేం ఇంకా చూపించలేదు కదా’ అని స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. ‘పట్టుకెళ్లారు’ అంటే పేపరు భాషలా ఉండదు. అందుకని ‘అదుపులో’. రాసేవాళ్ల ఉద్దేశం మంచిదే. నష్టం మాత్రం చదివేవాళ్లకి. అరెస్టుకి ముందు ‘అదుపు’ అనే ఒక దశ ఉంటుందని, దానికి టైము లెక్క ఉండదని జనం అనుకుంటున్నారు. అలాంటి దశ ఏ చట్టంలోనూ లేదు.

పైన ‘చూపించలేదు’ అన్నాను చూశారా, మన వైపు స్టేషన్లలో, కోర్టుల్లో అందరి నోటా వినబడే మాట అది. ‘మొన్న పట్టుకెళ్లి ఈరోజు అరెస్టు చూపించారు’ అంటారు. అరెస్టు చెయ్యడం వేరు, చూపించడం వేరు అని మన జనం చాలా స్పష్టంగా గుర్తుపట్టి పెట్టుకున్న మాట. మీ బావ విషయంలో అరెస్టు జరిగింది శుక్రవారం, చూపించింది సోమవారం. నా ఉద్యోగంలో వందల రిమాండ్ రిపోర్టులు, అంటే పట్టుకున్నవాణ్ణి కోర్టు ముందు పెడుతూ పోలీసులు ఇచ్చే కాగితాలు, నా చేతుల మీదుగా వెళ్లాయి. ‘బస్టాండు వద్ద అనుమానాస్పదంగా తిరుగుచూ, పోలీసు వారిని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా’ అనే వాక్యం పేరూ ఊరూ మారి మళ్లీ మళ్లీ వచ్చేది. అందులో నిజమైనవీ ఉంటాయి. కానీ ఆ వాక్యం కింద టైము ఉదయం 6 గంటలు అని ఉండి, ఎదురుగా నిలబడ్డ కుర్రాడి కళ్లు రెండ్రాత్రుల నిద్రలేక ఎర్రగా ఉంటే, ఆ టైముకీ ఆ కళ్లకీ పొంతన లేదని గుమాస్తాకి కూడా తెలుస్తుంది.

నేను మర్చిపోలేని సంగతి ఒకటి చెప్పాలి. టైపు మిషన్ల కాలం. రొయ్యల చెరువు దగ్గర మోటార్లు పోయిన కేసు. ముద్దాయి ఒక కుర్రాడు. అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి పక్క చెరువు కాపలాదారు వచ్చాడు. యాభై దాటిన మనిషి, లుంగీ మీద తెల్ల చొక్కా, కాళ్లకి ఇంకా చెరువు మట్టి. ఆయన చెప్పదలుచుకున్నది ఒక్కటే. కుర్రాణ్ణి అరెస్టు చేశామని పోలీసులు చెబుతున్న రోజుకి రెండ్రోజుల ముందే తనని, ఆ కుర్రాణ్ణి కలిపి స్టేషన్‌కి తీసుకెళ్లారు, తర్వాత తనని పంపేశారు, కుర్రాణ్ణి ఉంచేశారు. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతారు, టైపిస్టు కొడతాడు. పని ఒత్తిడి ఉన్న రోజున తేలిక వాక్యాలు నేనే ఇంగ్లీషు చేసి కొట్టేసేవాణ్ణి. ఆయన ‘ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూకోబెట్టారండి’ అన్నాడు. నేను ‘ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం’ అని అర్థమొచ్చేలా కొట్టాను. పెద్ద తేడా అనిపించలేదు.

సాక్ష్యం అయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. చాలా చోట్ల గబగబా జరిగిపోయే పని అది. ఆ జడ్జిగారు మాత్రం వాక్యం వాక్యం తెలుగు చేసి చెప్పేవారు. ‘నువ్వూ ముద్దాయీ స్టేషన్లో బల్ల మీద కూర్చున్నారు, అంతేనా?’ అన్నారు. ఆయన బోను కర్ర పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ‘మేం కూకోలేదండి. కూకోబెట్టారండి. నీళ్లకని లేస్తే కసిరారండి.’ జడ్జిగారు కాసేపు ఏం మాట్లాడలేదు. నా వైపు తిరిగి ఆ వాక్యం కొట్టేయమన్నారు. ‘కూర్చోబెట్టారు, లేవనివ్వలేదు’ అని కొత్తగా టైపు చేయించి, పక్కన పొట్టి సంతకం చేశారు. కుర్రాడు చెబితే మోటార్లు దొరికాయని రాసిన మధ్యవర్తుల రిపోర్టుని (పంచనామాని) తీర్పులో ఆయన నమ్మలేదు. పారిపోబోతుంటే పట్టుకున్నామన్న రోజుకి ముందే ఆ కుర్రాడు స్టేషన్ బల్ల మీద ఉన్నప్పుడు, ఆ రిపోర్టులో మిగతావి ఎలా నమ్మాలి అన్నది ఆయన కారణం.

నేను మింగేసింది ‘బెట్టు’ అనే రెండక్షరాలు. కూర్చోవడానికీ కూర్చోబెట్టడానికీ మధ్య ఉన్న ఆ కాస్త ముక్కే కస్టడీ. మీరు అడిగిన మాటకి తెలుగులో ఇంతకంటే సరైన అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. కస్టడీకి గానీ అరెస్టుకి గానీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో నిర్వచనం లేదు. 2024 జూలై 1 నుంచి దాని బదులు అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ లేదు. అరెస్టు ఎలా చెయ్యాలన్నది మాత్రం 43వ సెక్షన్‌లో ఉంది: ఒంటి మీద చెయ్యి వేసి గానీ, కదలకుండా నిలిపి గానీ చెయ్యాలి; ఆ మనిషే మాటల ద్వారా గానీ చేతల ద్వారా గానీ కస్టడీకి లొంగిపోతే అదీ అక్కర్లేదు. ‘పద స్టేషన్‌కి’ అంటే మారు మాట్లాడకుండా బండెక్కడం లొంగిపోవడమే. మిగతాది కోర్టులు తేల్చాయి. 1994లో దీపక్ మహాజన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి అరెస్టులోనూ కస్టడీ ఉంటుంది గానీ ప్రతి కస్టడీ అరెస్టు కానక్కర్లేదని చెప్పింది. అంతకుముందు 1990లో బొంబాయి హైకోర్టు అషక్ హుస్సేన్ కేసులో ఇంకా సూటిగా చెప్పింది: స్వేచ్ఛకి అడ్డు పడ్డప్పుడే అరెస్టు మొదలైనట్టు, అధికారులు కాగితం మీద ఏ టైము రాశారన్నది లెక్కలోకి రాదని.

ఇది ఇంత ముఖ్యం ఎందుకంటే గడియారం. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయి కస్టడీలో ఉన్న మనిషిని 24 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టిన టైము మాత్రం అందులోంచి తీసేస్తారు. కొత్త సంహితలో 58వ సెక్షన్ ఇదే. మన నేల మీద ఈ ప్రయాణం లెక్కకి ఒకప్పుడు చాలా అర్థం ఉండేది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన 2002లో వచ్చింది. అప్పటిదాకా పంటు (బల్లకట్టు) మీదే దాటాలి. సఖినేటిపల్లి నుంచి నర్సాపురం ఇప్పటికీ పంటు మీద దాటుతున్నారు. రేవులో పంటు కోసం ఆగిన అరగంట ప్రయాణం కిందికి వస్తుంది. స్టేషన్ బల్ల మీద గడిచిన రెండ్రాత్రులు ఏ లెక్క వేసినా ప్రయాణం కిందికి రావు. మీ బావ విషయంలో 24 గంటలు శనివారం రాత్రి తొమ్మిదికి నిండిపోయాయి. సోమవారం హాజరుపరిచారంటే మధ్యలో దాదాపు రెండు రోజులకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

దాన్ని రుజువు చేసేదెలా అంటారేమో. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని చెప్పింది. గేటు దగ్గర, వరండాలో, లాకప్పు ముందు అన్నీ పడాలని, రికార్డు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది దాచాలని ఆదేశించింది. మీ వకీలుగారు ఆ శుక్రవారం రాత్రి రికార్డు తెప్పించమని కోర్టులో పిటిషన్ వెయ్యొచ్చు. ఆలస్యం చెయ్యకండి. మీ వీధిలో ఏ కొట్టుకైనా కెమెరా ఉంటే వాళ్లనీ ఇవాళే అడగండి, చిన్న కొట్ల రికార్డులు కొద్ది రోజులకే చెరిగిపోతాయి.

ఇప్పుడు రిమాండ్. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాట వాడకమే. ఇంగ్లీషులో ఆ మాటకి తిరిగి పంపడం అని అర్థం. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన మనిషిని దర్యాప్తు అయ్యేదాకా మళ్లీ కస్టడీకి పంపడం, అంతే. మన పేపర్లు దానికి ‘విధించారు’ అని తగిలించాయి. తెలుగులో విధించేది శిక్షని, జరిమానాని. అందుకే ‘14 రోజుల రిమాండ్ విధించారు’ అని చదవగానే ఏ తల్లికైనా కొడుకుకి పద్నాలుగు రోజుల జైలుశిక్ష పడిందనిపిస్తుంది. పద్నాలుగు రోజులయ్యాక బట్టలు తీసుకుని సబ్ జైలు గేటు దగ్గర కూర్చున్న అమ్మల్ని నేను చూశాను, ‘ఈరోజుతో అయిపోయింది కదండీ’ అంటూ. అవ్వదమ్మా, మళ్లీ పొడిగిస్తారు అని చెప్పడం ఎంత కష్టమో. ‘రిమాండ్‌కు పంపారు’ అని రాస్తే సరిపోతుంది.

ఇంకో చిక్కు. చట్టం దృష్టిలో జైల్లో ఉంచినా, పోలీసుల దగ్గర ఉంచినా రెండూ కస్టడీయే. మొదటిది జ్యుడీషియల్ కస్టడీ, రెండోది పోలీసు కస్టడీ. తెలుగులో మాత్రం జైల్లో ఉంటే ‘రిమాండ్’ అని, పోలీసుల దగ్గరికి వస్తే ‘కస్టడీ’ అని విడగొట్టేసుకున్నాం. ‘రిమాండ్‌లో ఉన్న నిందితుణ్ణి కస్టడీకి తీసుకున్నారు’ అని వార్త వస్తే జైలు నుంచి విచారణకి పోలీసులకి అప్పగించారని అర్థం. అందుకని రేపు పేపర్లో ‘కస్టడీ పిటిషన్’ అని చూస్తే కంగారు పడకండి. కొత్త కేసు కాదు. పోలీసులు ప్రశ్నించడానికి ఇన్ని రోజులు మాకివ్వండి అని కోర్టుని అడగటం. మీ వకీలు దాన్ని వ్యతిరేకించవచ్చు. ఇస్తే వకీలు చూస్తుండగా విచారించాలి, రోజూ వైద్య పరీక్ష చేయించాలి లాంటి షరతులు అడగొచ్చు. మొత్తం మీద పోలీసు కస్టడీ 15 రోజులు మించకూడదు. పాత చట్టంలో ఆ 15 రోజులు మొదటి పక్షంలోనే అయిపోవాలి. కొత్త సంహిత 187వ సెక్షన్‌లో కేసుని బట్టి మొదటి 40 లేక 60 రోజుల్లో విడతలుగా కూడా తీసుకోవచ్చు. నా అభిప్రాయంలో ఇది కుటుంబాలకి టెన్షన్ పెంచే మార్పు. జైలుకి వెళ్లాడు, ఇక పోలీసుల చేతిలో లేడు అన్న ధైర్యం మునుపు రెండు వారాలకి వచ్చేది.

దర్యాప్తు పూర్తిచేసి చార్జిషీటు వెయ్యడానికి పోలీసులకి గడువుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడే నేరాలైతే 90 రోజులు, మిగతావాటికి 60. ఆ లోపు వెయ్యకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, కానీ అడగాలి, ష్యూరిటీలు ఇవ్వాలి. తర్వాత శిక్షే పడినా ఇప్పుడు కస్టడీలో గడిపిన రోజులు అందులోంచి తీసేస్తారు. శుక్ర, శని, ఆదివారాలు రికార్డులో లేకపోతే ఆ మూడు రోజులూ ఎవరి లెక్కలోనూ ఉండవు. కస్టడీ ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకి ఇదీ ఒక విలువ.

మన వైపు పెద్దవాళ్లు ‘వాణ్ణి రాజమండ్రి పంపేశారు’ అంటే సెంట్రల్ జైలుకని. ఊరి పేరే జైలు పేరైపోయింది. కానీ రిమాండ్‌లో ఉన్నవాణ్ణీ శిక్ష పడ్డవాణ్ణీ ఒకే మాటతో కలిపేస్తున్నాం. రిమాండ్ ఖైదీ నేరస్తుడు కాదు. జైల్లో సొంత బట్టలు కట్టుకుంటాడు. ఆ తేడా ఊళ్లో వాళ్లకి మీరే చెప్పాల్సి వస్తుంది.

‘నిర్బంధం’ సంగతి కూడా అడిగారు. ఇది సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దీనికి పట్టుదల, పట్టు పట్టడం అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి బలవంతం అయింది. ‘నిర్బంధించి తినిపించారు’ అంటే వద్దన్నా వినకుండా వడ్డించారని. ‘ఉచిత నిర్బంధ విద్య’ అన్నప్పుడూ అదే. 2009 విద్యాహక్కు చట్టం పేరులో ఉన్న నిర్బంధానికీ లాకప్పుకీ సంబంధం లేదు. మనిషిని కట్టడి చెయ్యడం అనే అర్థం తర్వాత బలపడింది, ఇప్పుడు అదే ముందు తోస్తుంది. నాకు తెలిసినంతలో ఈ మాటకి కోర్టుల్లో రెండు గట్టి ప్రయోగాలున్నాయి. ఒకటి అక్రమ నిర్బంధం. ఇది పోలీసులకే కాదు, ఎవరికైనా వర్తిస్తుంది. బాకీ తీర్చలేదని కూలీని చెరువు గట్టు షెడ్డులో పెట్టి తాళం వేస్తే అది అక్రమ నిర్బంధం, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. రెండోది ముందస్తు నిర్బంధం, అంటే నేరం చేసినందుకు కాకుండా చెయ్యకుండా ఆపడానికి ఉంచేది. మన రాష్ట్రంలో ‘పీడీ యాక్టు పెట్టారు’ అనేది 1986 నాటి చట్టం కింద. ఇక్కడ 24 గంటల నియమం లేదు. మూడు నెలలు దాటి ఉంచాలంటే మాత్రం సలహా మండలి ఒప్పుకోవాలి. మీ బావది అలాంటిది కాదు, దీని గురించి ఎక్కువ ఆలోచించకండి.

‘గృహ నిర్బంధం’ నాయకుల వార్తల్లో తరచూ వస్తుంది. గేటు ముందు పోలీసుల్ని నిలబెట్టి కదలనివ్వకపోతే, పైన చెప్పిన కొలత ప్రకారం అదీ కస్టడీయే. తగిన కేసుల్లో కోర్టులు ఇంట్లోనే కస్టడీకి ఆదేశించవచ్చని 2021లో గౌతం నవలఖా కేసులో సుప్రీంకోర్టు అంది కూడా.

పాత మాటలూ ఉన్నాయి. ‘చెర’ మన ద్రావిడ మాట. తమిళంలో సిరై, కన్నడంలో సెరె. సీతమ్మ చెర అంటే ఏ ముసలమ్మకైనా కళ్లు చెమరుస్తాయి. ఆ మాటలో అన్యాయం కలిసే ఉంది, అందుకే పోలీసు వార్తల్లో వాడరు. ‘బందీ’లో ద ఒత్తు లేనిది, ‘బంధించు’లో ఉన్నది, ‘బంధీ’ అని రాయడం తప్పు. రామదాసు బందిఖానా అంటాం, ఒత్తు లేకుండా. ‘ఖైదు’ అరబ్బీ నుంచి వచ్చి శిక్షకి స్థిరపడింది: జీవిత ఖైదు, కఠిన ఖైదు. ఇక ‘లాకప్పు’. మన డెల్టాలో ‘లాకులు’ అంటే కాలవ మీద పడవలు ఎక్కించి దించే లాకులు. కాటన్ కాలపు ఇంగ్లీషు మాట అలా ఊళ్లలో నిలిచిపోయింది. లాకప్పులో ఉన్నదీ అదే లాకు. అయితే ఒకటి గుర్తుంచుకోండి, లాకప్పులో పెట్టలేదు కాబట్టి కస్టడీ కాదు అనే వాదన నిలవదు. బల్ల మీద కూర్చోబెట్టినా, స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో ఉంచినా, ఎక్కడో లాడ్జిలో ఉంచినా ఒకటే.

వస్తువులకీ మనుషులకీ తెలుగు తేడా పాటించడం నాకు నచ్చుతుంది. సంక్రాంతికి భీమవరం వైపు పందెం బరుల మీద దాడి చేస్తే ‘కోళ్లను, నగదును స్వాధీనం చేసుకుని, పన్నెండు మందిని అదుపులోకి తీసుకున్నారు’ అని రాస్తారు. కోడి స్వాధీనం, మనిషి అదుపు. ఇంగ్లీషులో కస్టడీ అంటే రెండింటికీ సరిపోతుంది. పైగా ఆ మాటకి మూలంలో కాపలా కాయడం, చూసుకోవడం అని అర్థం. విడాకుల కేసులో ‘బిడ్డ కస్టడీ తల్లికి’ అన్నప్పుడు ఆ అర్థమే. మనం దాన్ని ‘సంరక్షణ’ అని వేరే మాటకి ఇచ్చేశాం. పోలీసు కస్టడీకి ‘అదుపు’ మాత్రమే మిగిలింది. దాంతో పట్టుకున్నవాడి చేతిలో పట్టు ఉందన్నది తెలుస్తోంది గానీ, ఆ ప్రాణానికి పూచీ కూడా వాడిదేనన్నది మాటలో వినపడటం లేదు. చట్టంలో ఆ పూచీ ఉంది. 1996 డి.కె. బసు తీర్పు అందుకే వచ్చింది: అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లు గానీ ఊరి పెద్దమనిషి గానీ సాక్షి సంతకం పెట్టాలి, బంధువులకి తెలియజెయ్యాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. కస్టడీలో మనిషి చనిపోతే జ్యుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరిపి తీరాలి.

పోలీసులు లేకుండా కూడా కస్టడీ ఉంటుంది. కోర్టులో లొంగిపోయినవాడు, జడ్జి చెప్పినట్టు నడుచుకోవడానికి సిద్ధపడి ఆ హాల్లో నిలబడ్డ క్షణం నుంచి కస్టడీలో ఉన్నట్టే. 1980లో నిరంజన్ సింగ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చారు. అతను అప్పుడే బెయిల్ అడగొచ్చు. కస్టడీ కానివి కూడా రెండు చెబుతాను, ఊళ్లో కలగాపులగం చేస్తారు కాబట్టి. నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్ నోటీసు (పాత కోడ్‌లో 41ఏ నోటీసు) ఇచ్చి ఫలానా రోజు రమ్మంటే అది కస్టడీ కాదు, వెళ్లి రావచ్చు. ఎన్నికలప్పుడు తహసీల్దారు దగ్గర ‘బైండోవర్’ చేస్తే అదీ కాదు, గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించుకోవడం. సాక్షిగా మాట్లాడాలని పిలిస్తే ఆడవాళ్లని, అరవై దాటిన మగవాళ్లని, పదిహేనేళ్లలోపు పిల్లల్ని వాళ్ల ఇంటికి వచ్చే ప్రశ్నించాలి. అత్తయ్యగారిని స్టేషన్‌కి రమ్మంటే వెళ్లక్కర్లేదు.

ఇక మీరు చెయ్యాల్సింది. వకీలుకిచ్చే కాగితంలో ‘మా బావ పోలీసుల అదుపులో ఉండెను’ అని రాయకండి, అందులో టైము లేదు. శుక్రవారం తేదీ, రాత్రి తొమ్మిది, ఎంతమంది వచ్చారు, ఏ బండిలో, ఇంట్లో ఎవరెవరు చూశారు, శనివారం స్టేషన్‌కి క్యారేజీ తీసుకెళ్లింది ఎవరు, లోపలికి పంపారా, ఆయన్ని చూడనిచ్చారా అని రాయండి. ఫోన్ చేసి ఉంటే ఆ నంబర్లు, టైములు చెరపకండి. సోమవారం మేజిస్ట్రేటు గారు ‘ఎప్పుడు పట్టుకున్నారు’ అని అడిగినప్పుడు మీ బావ ఏం చెప్పాడో తెలుసుకోండి. చాలామంది కుర్రాళ్లు పక్కన నిలబడ్డవాళ్ల భయానికి ‘ఈరోజే’ అనేస్తారు. అలా చెప్పినా ఇప్పుడు దారి మూసుకుపోలేదు, వకీలుగారు పిటిషన్ ద్వారా చెప్పొచ్చు.

ములాఖత్‌కి వెళ్లినప్పుడు కేసు సంగతి కంటే ముందు ఆ మూడు రోజులూ ఎలా ఉంచారో అడగండి. నీళ్లకో బాత్రూమ్‌కో లేస్తే ఏమన్నారు, తలుపు దగ్గర ఎవరున్నారు, ఫోన్ ఎప్పుడు లాక్కున్నారు. ఆయన ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకోండి. ‘కూకోబెట్టారు’ అంటే ‘కూకోబెట్టారు’ అనే రాయండి, పుస్తక భాషలోకి మార్చకండి.